ధరణి గోలు, అవ్వ మామిడిపండు

ధరణి తొమ్మిదేళ్ళు బెంగళూరు క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడింది. ఊరికే సరదాకి ఆడింది కాదు. నెలనెలా జీతం, వీపు మీద ఆరో నంబరు, దాని పైన ఇంగ్లీషులో పేరు, హాస్టల్లో ఒక మంచం, మోకాలికి ఇన్సూరెన్సు, అన్నీ ఉన్న ఆట. మొత్తం నూట పద్దెనిమిది మ్యాచులు ఆడింది. వేసిన గోల్స్ సున్నా. ఈ మాట వినగానే మొహం అదోలా పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు, ఆమె సొంతూరు ఐరాల ఊరంతా తొమ్మిదేళ్ళు అలాగే పెట్టింది. కానీ ధరణి చెడ్డ ఆటగత్తె కాదు. జట్టుకి నడిమధ్యలో నిలబడి, ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కుని, మనవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ళకి అందించడం ఆమె పని. దాన్నే మిడ్‌ఫీల్డర్ అంటారు. గోలు వేసేవాళ్ళు ముందుంటారు, ఆపేవాళ్ళు వెనకుంటారు, మధ్యలోవాళ్ళకి మిగిలేది చెమట.

ఆ పని ఆమె ఫుట్‌బాల్ కంటితో చూడకముందే మామిడి తోటలో నేర్చుకుంది. ఐరాల పక్కన వాళ్ళకి పద్నాలుగు చెట్లున్నాయి, తొమ్మిది బేనీషా, అయిదు తోతాపురి. కోత రోజుల్లో నాయన జయచంద్ర గడకర్ర చివర వలసంచి కట్టిన చిక్కంతో కాయలు తెంపేవాడు. ఆయన చిత్తూరు డిపోలో కండక్టరు, బస్సులో జనాన్ని తొందరపెట్టినట్టే కాయల్నీ తొందరపెట్టేవాడు. అవ్వ మునిలక్ష్మి చెట్టు నీడలో కూర్చుని క్రేట్లలో పేర్చేది. ఇద్దరికీ మధ్య నిలబడేది ధరణి. పైనుంచి వచ్చే కాయ నేలన పడకుండా అందుకోవాలి, తొడిమ విరిచి సొన కారనివ్వాలి, అవ్వ చెయ్యి చాచే లోపల ఆ చేతిలో పెట్టాలి. కోసిందెవరంటే నాయన పేరు చెప్పేవాళ్ళు, పేర్చిందెవరంటే అవ్వ పేరు. మధ్యలో మనిషి సంగతి ఎవరూ అడగలేదు. ధరణికీ దాని మీద పట్టింపు లేదు, అయిదు క్రేట్లకి ఒక పండు చొప్పున అవ్వ ఆమె నోటికి అందిస్తూనే ఉండేది.

ఇలా ఉండగా ఐరాల హైస్కూల్లో ఆటల మాస్టరు యోగానందం సారు, బీరువాలో మూడేళ్ళుగా గాలి లేకుండా పడుకుని ఉన్న ఫుట్‌బాల్ ఒకటి బయటికి తీసి, సైకిల్ షాపులో గాలి కొట్టించాడు. ఆ రోజు గ్రౌండులో మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి ముప్ఫై మంది బంతి వెంట పరిగెత్తారు. ధరణి ఒక్కతే పరిగెత్తకుండా మధ్యలో నిలబడింది. బంతే ఆమె దగ్గరికి వచ్చింది, ఆమె దాన్ని ఎవరికో ఇచ్చింది. గంటసేపు ఇదే జరిగేసరికి సారుకి విషయం అర్థమైంది. అక్కడి నుంచి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, చివరికి ఇరవయ్యో ఏట బెంగళూరు క్లబ్బు ఉత్తరం.

ఆ ఉత్తరం వచ్చిన రోజునే అసలు చిక్కు మొదలైంది. మనవరాలు పరాయి ఊళ్ళో గెలవాలి కాబట్టి దేవుడికి ఏదో ఒకటి మొక్కాలని అవ్వ తీర్మానించింది. ఏం మొక్కాలో తెలియాలంటే ఆ ఆటలో దేన్ని లెక్కపెడతారో తెలియాలి. అందుకని యోగానందం సారుని పిలిచి అడిగింది. ఆయన గోలే అన్నాడు. అంతటితో ఊరుకున్నాడు. నీ మనవరాలు నిలబడే చోటికీ గోలుకీ చాలా దూరం అని ఒక్క ముక్క అదనంగా చెప్పి ఉంటే ఈ కథే లేదు. పుస్తకం చూడకుండా రూల్సన్నీ అప్పజెప్పే మనిషికి ఆ ముక్క ఎందుకు తట్టలేదో ఆయనకే తెలియదు.

అవ్వ కాణిపాకం పోయింది. ఆ చుట్టుపక్కల ఏ తగువైనా చివరికి కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్న మాట దగ్గరికే వస్తుంది. గట్టు జరిపిన వాళ్ళు, మేక తోలుకుపోయిన వాళ్ళు, కోర్టులో గంటలకొద్దీ అబద్ధం చెప్పిన వాళ్ళు కూడా ఆ వినాయకుడి ముందు నిలబడాలంటే నీళ్ళు నములుతారు. తాగుడు మానేవాళ్ళు, బీడీ మానేవాళ్ళు కూడా అక్కడే మాటిస్తారు. అవ్వకి తాగుడూ లేదు, బీడీ లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే, మామిడిపండు. వేసవిలో రోజుకి ఆరు తినేది, పడుకున్నాక కూడా టెంక చీకుతున్నట్టు దవడలు ఆడించేదని నాయన చెప్పేవాడు. ఆ అవ్వ తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి గట్టిగానే చెప్పింది.

"నా మనవరాలు గోలు ఏసేదాకా మామిడిపండు ముట్టను సామీ."

మూడు వారాల్లో తేలిపోయే వ్యవహారం అనుకుందామె. ఇంటికి వచ్చి ఆరు బేనీషాలు గడ్డిలో మాగేసింది కూడా. అవి పండాయి, మెత్తబడ్డాయి, చివరికి దూడ తింది.

ఈ మొక్కు సంగతి ధరణికి ఫోనులో తెలిసింది. తెలిసిన రోజు నుంచి తనూ మామిడి మానేసింది, కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే అవ్వ తిడుతుంది. హాస్టల్లో పండ్ల ముక్కలు పెట్టినప్పుడల్లా తనకి పడదని, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయని చెప్పి పళ్ళెం పక్కకి జరిపేది. మామిడి తోటలో పుట్టిన పిల్లకి మామిడి పడదంటే బెంగళూరు వాళ్ళు నమ్మారు. వాళ్ళకేం తెలుసు పాపం.

ఇక ఆ తొమ్మిదేళ్ళలో ఐరాలలో జరిగిన చర్చలు అసెంబ్లీలో కూడా జరిగి ఉండవు. మొక్కింది పండు కాబట్టి ఊరగాయ తినవచ్చునా అన్నది మొదటిది. తినవచ్చునని యోగానందం సారు తీర్పిచ్చాడు. మామిడికాయ పప్పు కూడా నెగ్గింది. అవ్వ మెల్లగా దోరకాయల మీదికి వచ్చింది. ఒకరోజు ఒక పక్క పచ్చగా, ఒక పక్క పసుపుగా ఉన్న తోతాపురి ఒకటి పట్టుకుని, పచ్చవైపు మాత్రం తింటే ఏమవుతుందని ఆయన ఇంటికే పోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాయని ఎండలోకి తీసుకుపోయి తిప్పితిప్పి చూసి, ఇది పండే అన్నాడు. అవ్వ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అవ్వ తినడం లేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆమె ముందు తినే ధైర్యం లేదు. నాయన చిత్తూరు బస్టాండులో డ్యూటీ దిగి, ఉప్పూకారం చల్లిన ముక్కలు నిలబడే తినేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని ఇంటికొచ్చేవాడు. అవ్వ గుమ్మంలోనే ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూసి వదిలేసేది. ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడమే ఆయనకి అన్నం దిగనిచ్చేది కాదు.

నాలుగో ఏడు ఒక సాయంత్రం యోగానందం సారు ఫోనులో స్కోరు చూస్తూ చూస్తూ లేచి వీధిలోకి పరిగెత్తాడు. స్కోరు పక్కన ధరణి పేరు పడింది. అరవై మూడో నిమిషం. ఊళ్ళో వినాయక చవితికి మిగిలిన టపాకాయలన్నీ పేలాయి. అవ్వ పండు కడిగింది, కత్తి తీసింది, ఎందుకైనా మంచిదని ఫోను వచ్చేదాకా ఆగింది. గంట తర్వాత ధరణి ఫోను చేసింది. ఎదుటివాళ్ళు కొట్టిన బంతిని తలతో బయటికి తోయబోతే అది తిరిగి తమ గోల్లోకే పోయిందని, దాంతోనే ఓడిపోయామని చెప్పింది.

ఎవరి గోలైతే ఏముంది, వేసింది నా మనవరాలే కదా అని అవ్వ వాదించింది. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. సారు మెట్ల మీద కూలబడి, సొంత గోలు చెల్లదని, చెల్లుతుందంటే తను చదివిన రూల్సు మీద మన్ను పడుతుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ పండు కూడా దూడకే పోయింది. ఆ దూడ అప్పటికి ఆవై, ఈ ఇంట్లో వేసవికాలం ఇలాగే ఉంటుందని అలవాటు పడిపోయింది.

బెంగళూరులో ధరణి అవస్థ ఇంకోలా ఉండేది. అప్పుడప్పుడు అవ్వ గుర్తొచ్చి, తన చోటు వదిలేసి ముందుకి పరిగెత్తి గోలు మీదికి కొట్టేది. ఎంతటి పాసైనా తప్పని కాలు గోలు కనబడగానే వణికేది. ఒకసారి బంతి గోడ దాటి ఎవరి ఇంటి మేడ మీదో ఆరేసిన వడియాల్లో పడింది. ఇంకోసారి ఆమె వదిలిన ఖాళీలోంచి ఎదుటివాళ్ళు వచ్చి గోలు వేసేశారు. కోచ్ లోకేశ్వరి మేడం ఆమెని తర్వాతి మ్యాచ్‌కి బెంచీ మీద కూర్చోబెట్టి, గోలు వేయడం నీ పని కాదని ఎన్నిసార్లు చెప్పాలని అడిగింది. ధరణి తల ఊపింది. తన పని తనకి తెలుసు. ఆ పని ఆమెకి ఇష్టం కూడా. కాకపోతే ఆ పని ఎంత బాగా చేస్తే అవ్వ నోటికి మామిడిపండు అంత దూరమైపోతోంది, ఈ మాట మేడంకి ఎలా చెప్పేది?

తొమ్మిదో ఏడు మోకాలు మొరాయించింది. ఈ సీజన్‌తో సరి అన్నాడు డాక్టరు. అవ్వకి ఎనభై ఒకటి, నోట్లో పళ్ళు నాలుగు. లీగు ఆఖరి మ్యాచ్ మే నెలలో తిరుపతిలో పడింది. ఇక ఐరాల ఆగుతుందా? నాయన స్పెషల్ బస్సు మాట్లాడాడు. ఆ రోజు మాత్రం టికెట్లు కొట్టకుండా సీట్లో కూర్చున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. అవ్వ సంచిలో ఒక బేనీషా, ఒక కత్తి పెట్టుకుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి కత్తి తీసేసుకుంది. పండు చూసి, ఇది విసరకూడదు పెద్దమ్మా అని చెప్పి వదిలేసింది. విసరడానికా తొమ్మిదేళ్ళు దాచిందని అవ్వ గొణుక్కుంటూ పోయి కూర్చుంది.

ఎనభై నిమిషాలైనా రెండువైపులా గోలు లేదు. ఆఖరి మ్యాచ్ కదా అని లోకేశ్వరి మేడం జాలిపడి, అయిదు నిమిషాలు నీ ఇష్టం అన్నట్టు చేత్తో సైగ చేసింది. ధరణి మధ్యలో బంతి లాక్కుంది, అలవాటుగా పవిత్రకి ఇచ్చింది. పవిత్ర కోలారు పిల్ల, ధరణి గదిలోనే ఉంటుంది, గోల్స్ వేయడమే ఆమె పని. ఇచ్చిన ధరణి ఈసారి ఆగకుండా గోలు ముందున్న గుంపులోకి దూరింది. పవిత్ర కొట్టిన బంతి పది మంది కాళ్ళ మధ్యగా, ధరణి పిక్క పక్కగా దూసుకుపోయి వలలో పడింది.

మైకులో ఆరో నంబరు ధరణి అన్నారు. బోర్డు మీదా ఆమె పేరే పడింది. రిఫరీ కాగితంలోనూ అదే రాశారు. నాకు తగల్లేదని ధరణి అరుస్తూనే ఉంది, కానీ ఆమె మీద అప్పటికే ఎనిమిది మంది పడి ఉన్నారు. ఐరాల జనం ఏడ్చారు, ఎగిరారు, యోగానందం సారు పక్కనున్న పోలీసాయన్ని ముద్దు పెట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యాక పవిత్ర చెవిలో చెప్పింది, తనకి యాభై గోల్స్ ఉన్నాయని, ఒకటి తగ్గితే కొంపలేమీ మునగవని, నోరు మూసుకుని ఉంచుకోమని.

అవ్వ మాత్రం పండు కొరకలేదు. అందరూ తినమంటుంటే, అడిగి తింటానంది. ధరణి కుంటుతూ దగ్గరికి రాగానే మొహంలోకి చూసింది.

"తగిలిందా మే నీకు?"

"కాగితంలో నా పేరే ఉండాదవ్వా."

"కాగితం సంగతి నేనడగలా. సరే, పొద్దున కాణిపాకంలో చెబుదువులే. యాడ మాటిచ్చినానో ఆడనే తినల్ల."

పొద్దుగూకే వేళకి బస్సు బయలుదేరింది. పవిత్ర కూడా ఐరాల చూస్తానని ఎక్కింది. ధరణి మోకాలి మీద ఐసు పెట్టుకుని, నిద్ర నటిస్తూ కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో అవ్వ, మా తోటలో కాయలన్నీ నీవే అని పవిత్రకి ఆశ పెడుతోంది. పవిత్ర సంబరపడి, పాపం ధరణికి ఆ అదృష్టం లేదని, మామిడి తింటే ఒళ్ళంతా దద్దుర్లంట కదా అని, తొమ్మిదేళ్ళలో ఒక్క ముక్క ముట్టగా చూడలేదని చెప్పుకుపోయింది. ధరణి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. వెనక నుంచి అవ్వ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసింది. చంద్రగిరి దాటింది, పాకాల దాటింది, అవ్వ నోరు విప్పలేదు.

పొద్దున్నే తల తడుపుకుని స్వామి ముందు నిలబడితే ధరణి కాళ్ళు గోలు ముందు వణికినట్టే వణికాయి. అవుననే ఒక్క మాట చాలు. పవిత్ర ఒప్పుకుంది, రిఫరీ ఒప్పుకున్నాడు, ఊరు ఒప్పుకుంది. కాదంటే ఇక మ్యాచుల్లేవు, గోలు లేదు, అవ్వ ఈ జన్మకి మామిడిపండు తినదు. ఎదురుగా ఉన్న స్వామి ఎవరినీ ఏమీ అడగడు, ఊరికే చూస్తుంటాడు. అదే కష్టం. అవ్వకి ఒక్క పండు తినిపించాలని ధరణికి ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా నోట్లోంచి నిజమే వచ్చింది.

"తగల్లేదవ్వా. నాలుగు వేళ్ళ ఎడం ఉండాది. అది పవిత్ర గోలు."

నాయన స్తంభానికి తల ఆనించాడు. యోగానందం సారు చేతిలో రూల్సు పుస్తకం లేదు కానీ, ఉన్నట్టే మూసేశాడు. అవ్వ స్వామికి దణ్ణం పెట్టుకుంది, మూడు చుట్లు తిరిగింది, బయటికొచ్చి కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి, ఆ పవిత్రకి బంతి ఎవరిచ్చారని అడిగింది. ధరణే అని పవిత్ర చెప్పింది. ఆ యాభై గోల్స్‌లో సగానికి బంతి ఇచ్చింది ధరణేనని కూడా చెప్పింది. అవ్వ సారు వైపు తిరిగింది.

"మ్యాచ్‌లోనే ఏయల్లని నేను సామికి చెప్పినానా అప్పా? గోలు అన్నాను, అంతే. మ్యాచ్ అనీ, కాగితమనీ నువ్వు పెట్టినావు. ఊరంతా సూడల్లని ఆశపడి నేనూ ఊరకుండినా. తప్పు నాదే."

సారు కళ్ళజోడు సర్దుకుని, చెల్లుతుందన్నాడు.

గంటలో అందరూ తోటలో ఉన్నారు. రెండు క్రేట్లు నిలబెట్టి గోలు చేశారు. గోల్ కీపరు ఎవరని అడిగేలోపే అవ్వ కొంగు బిగించి క్రేట్ల మధ్య నిలబడింది. మొక్కుకున్నది నేను, ఆపేది నేనే అంది. ధరణి నవ్వాపుకుంటూ బంతిని మెల్లగా దొర్లించింది. అవ్వ చేతికర్ర అడ్డం పెట్టి ఆపేసింది.

"బిచ్చమేస్తా ఉండావా మే? సరిగ్గా ఏయ్."

రెండోసారి ధరణి సరిగ్గానే వేసింది. బంతి తోతాపురి కొమ్మల్లోకి పోయి, నాలుగు కాయల్ని రాల్చి, పక్కవాళ్ళ తోటలో పడింది. అది తెచ్చేదాకా అవ్వ గోలు వదల్లేదు, ఎండలో అలాగే నిలబడింది. మూడోసారి ధరణి కాలు వణకలేదు. బంతి అవ్వ కర్రకి కుడిపక్కగా, క్రేటు అంచు రాసుకుంటూ లోపలికి పోయింది. యోగానందం సారు రిటైరైన రోజు దాచిపెట్టిన విజిల్ ఊది ఊది దగ్గు తెచ్చుకున్నాడు. ధరణి అక్కడే గడ్డిలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. నూట పద్దెనిమిది మ్యాచుల్లో రాని ఏడుపు అది.

నాయన చిక్కం అందుకుని చెట్టు మీదే పండిన బేనీషా ఒకటి తెంపాడు. అలవాటుగా ధరణి లేచి అందుకుంది, తొడిమ విరిచి సొన కారనిచ్చి, అవ్వ చేతిలో పెట్టింది. కత్తి తిరుపతి గేటు దగ్గరే ఉండిపోయింది కాబట్టి అవ్వ గోళ్ళతోనే తొక్క తీసింది. మొదటి ముక్క తను తినలేదు, ధరణి నోటి దగ్గర పెట్టింది.

"తిను మే. దద్దుర్లు వస్తాయేమో సూద్దాం."

ధరణి తింది. ఆ తర్వాత అవ్వ తింది, నాలుగు పళ్ళతో, కళ్ళు మూసుకుని, మోచేతుల దాకా రసం కారుతుంటే తుడుచుకోకుండా. పక్కనే నిలబడిన పవిత్రకి ఆ దద్దుర్ల సంగతి ఏమిటో ఇంకా అర్థం కాలేదు. నాయన కోస్తూనే ఉన్నాడు, ధరణి అందిస్తూనే ఉంది. అవ్వా మనవరాలూ కలిసి పదకొండు తిన్నారు. దద్దుర్లేమీ రాలేదు, కానీ సాయంత్రానికి కడుపు నొప్పి ఇద్దరికీ వచ్చింది.